మన వంటయిల్లు: కొఱ్ఱమీను మామిడికాయ పులుసు



సముద్రము చేరువనే యున్నను, వేసవి వచ్చినంతనే మా నెల్లూరిసీమవారము చెరువుచేపకై యెదురుచూచుచుందుము. చెరువులలో నీరు తగ్గి మడుగులైనప్పుడు అడుగుననుండు కొఱ్ఱమీను వలకు చిక్కును. ఆ దినములలోనే పుల్లమామిడికాయలును అంగడికి వచ్చును. ఈ రెండింటి పొత్తే మా పులుసు.

కొఱ్ఱమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చు చేప. ఒడలి తడి యారనిచో నీరు లేకున్నను చాలసేపు బ్రదికియుండును. కావున ప్రాణముతో నున్నదానినే కొనవలెను. దీనికి సన్నని ముండ్లు తక్కువ. పిల్లలకు పెట్టుట సులభము. జిగురు మాత్రము మెండు. కల్లుప్పుతో రుద్ది, పలుమారులు కడిగి, ముక్కలకు పసుపు, ఉప్పు పట్టింపవలెను.

1 కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు చాలును. తక్కిన పులుపు మామిడి యిచ్చును. మట్టిదాకలో నువ్వులనూనె కాచి, ఆవాలు, మెంతులు, కరివేపాకు వేసి, 2 ఉల్లిపాయలు, 4 పచ్చిమిరపకాయలు వేయింపవలెను. పసుపు, 3 చెంచాల కారము, 2 చెంచాల ధనియాలపొడి, తగినంత ఉప్పు కలిపి చింతపండు రసము పోయవలెను. అది మరిగి చిక్కనైన పిదప చేపముక్కలు జారవిడువవలెను. 5 నిమిషముల పిమ్మట మామిడికాయముక్కలు వేయుడు. ముందే వేసినచో కరగిపోవును. గరిటె పెట్టినచో చేప చిదురగును. గుడ్డతో దాక యంచులు పట్టి మెల్లగా త్రిప్పవలెను. మఱి 10 నిమిషములకు నూనె పైకి తేలును. వేయించిన జీలకఱ్ఱ, మెంతుల పొడి చిటికెడు చల్లి దింపుడు.

ఈ పులుసు మఱునాటికే రుచికెక్కును. వేసవిరాత్రి బయట నుంచరాదు. చల్లారినంతనే ఫ్రిజ్జులో నుంచి, ఉదయమున బాగుగ మరిగించుకొనవలెను.

ఇక నొక్కమాట. మన యిండ్లలో నడిమిముక్కలు మగవారి కంచములకును పిల్లల కంచములకును పోవును. వండిన యామెకు మిగులునది తోకముక్క. మా యత్తగారు తమకు తోకముక్కయే యిష్టమని యేండ్ల తరబడి చెప్పుచుండిరి. ఒకనాడు ఇంట మగవారు లేనివేళ మేము నడిమిముక్క వడ్డించితిమి. ఆమె మాటాడక తిని, “ఇది యింత కమ్మగా నుండునా!” అనిరి. ఆ మాట మాకు నేటికిని మరపురాదు.

నాటినుండి మా యింట దాక దింపినంతనే రెండు నడిమిముక్కలు వేఱుగిన్నెలోనికి తీయుచున్నాము. మఱునాటి కమ్మని పులుసుతో ఆ గిన్నె వండినవారిదే. మీరును ఈ వేసవిని అట్లు చేసి చూడుడు.