పొదుపు ముందు, అప్పు తర్వాత

ఏ ఫండులో పెట్టాలి, ఎన్నేళ్లకు కోటి అవుతుంది అని ఈ మధ్య అందరూ ఆర్థిక స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారు. మంచిదే. మా ఊళ్లో పొదుపు సంఘాల పుస్తకాలు రాసేదాన్నిగా నాకు తెలిసిన స్వేచ్ఛ ఒకటుంది. నెలాఖరున అప్పు కోసం ఎవరి గడపా తొక్కకుండా ఇల్లు గడవాలి. దానికి పెద్ద జీతమే అక్కర్లేదు, కొన్ని చిన్న అలవాట్లు కావాలి. మన పల్లెల్లో ఆడవాళ్లు వాటిని ఒకసారి నేర్చుకున్నారు. ఇప్పుడు వదిలేస్తున్నారు. నా బాధంతా అదే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే ఏం చెయ్యాలి? ఆ జిల్లా ఆడవాళ్లే దారి చూపించారు. రోజుకు రూపాయి దాచుకుందాం అన్నారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. మనిషికి ఏడాదికి 365 రూపాయలు, పదిహేను మంది కూడితే 5,475. ఆ డబ్బు సంఘంలోనే తిరుగుతూ ఒకరి ఆస్పత్రి ఖర్చుకీ ఇంకొకరి విత్తనాలకీ అక్కరకొచ్చేది. సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టిందీ 1992లోనే. ముందు పొదుపు, తర్వాత లోపలి అప్పు, ఆ తర్వాతే బ్యాంకు లోను. సంఘాలు నిలబడింది ఈ వరస మీదే.

ఇవాళ చాలాచోట్ల ఆ వరస తలకిందులైంది. లోను సంతకాలకు అందరూ వస్తారు. నెల మీటింగుకు మాత్రం సగం మంది రారు, పొదుపు డబ్బు పిల్లల చేత పంపేస్తారు. లోను పడగానే తలా ఇంత అని సమానంగా పంచేసుకుంటారు. ఎవరికి ఎంత అవసరమో, దేనికి అవసరమో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. పది మంది ముందు నోరు విప్పి “నాకు ఇంత కావాలి, ఇందుకు కావాలి, ఇలా తీరుస్తాను” అని చెప్పడం కూడా ఒక అలవాటే. ఆ మాట పైకి చెప్పాల్సి వస్తే అనవసరపు అప్పు చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

వడ్డీ లెక్కకు వద్దాం. మన దగ్గర వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. మూడు రూపాయలంటే వినడానికి ఎంతో అనిపించదు. నేను అక్కా అని పిలిచే ఒకావిడ కూతురి నర్సింగు చదువుకని బయట ఆ వడ్డీకే యాభై వేలు తెచ్చింది. మీటింగులో ఆమె చేతే పుస్తకం చివరి పేజీలో లెక్క రాయించాను. నెలకు 1,500 వడ్డీ, ఏడాదికి 18,000. అసలు యాభై వేలూ అలాగే ఉంది. “అయితే ఏడాదంతా కట్టింది వడ్డీకేనా అమ్మాయ్?” అని పెన్ను కింద పెట్టేసింది. సంఘం తీర్మానం రాసి రూపాయి వడ్డీకి అప్పిచ్చింది. బయటి బాకీ తీరింది. నెలనెలా కట్టే ఆ 1,500లోంచే ఇప్పుడు వడ్డీ పోను అసలు తరుగుతోంది. ఇలాగే కడితే 41 నెలలకు అప్పే ఉండదు. ఆమె ఆదాయం పైసా పెరగలేదు, మారిందల్లా అప్పు ఎక్కడ తెచ్చుకుందన్నదే.

పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లలకూ ఇదే చెబుతాను. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం అని ఉంటే అది మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. ఊళ్లో వడ్డీ వ్యాపారిని తిట్టే మనం కార్డు దగ్గర ఆ లెక్కే వేసుకోం. ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్ ఎదురైతే మూడు ప్రశ్నలు వేసుకోండి. చేతికి ఎంత వస్తుంది, తిరిగి ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లో కట్టాలి. జవాబు తేలకపోతే ఆ అప్పు ముట్టుకోవద్దు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఖర్చు పిల్లల పాత నోటుబుక్కులో రాయండి. స్కాన్ చేసి కట్టిన ఇరవైలు, ముప్పైలు కూడా రాయండి. డబ్బు చేతికి రాగానే, ఖర్చు మొదలవకముందే పొదుపు పక్కన పెట్టండి. మే నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో 456 రూపాయలు ఉంచండి. అందులో 20 ప్రధానమంత్రి సురక్ష ప్రమాద బీమాకు, 436 జీవన్ జ్యోతి బీమాకు పోతాయి. ఒక్కోదానికి రెండు లక్షల రక్షణ. ఇంటి పెద్దకు జరగరానిది జరిగినప్పుడు ఆ ఇల్లు వడ్డీ వ్యాపారి చేతుల్లో పడకుండా అడ్డుపడేది అదే.

చాలీచాలని కూలితో పొదుపేమిటని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. కూలి పెరగాలి, ఉపాధి డబ్బులు వేళకు పడాలి, చదువుల ఫీజులు తగ్గాలి. అవి ప్రభుత్వాలు చెయ్యాల్సిన పనులు, గట్టిగా అడుగుదాం. కానీ వచ్చిన కూలిలో వడ్డీకి పోతున్న వాటాను ఆపుకోవడం మన చేతిలో ఉంది.

అధికారులకు ఒక మనవి. ఎన్ని లక్షల లోన్లు ఇప్పించారని మా సంఘాలను కొలవడం చాలించండి. ఎంతమందికి బయటి అప్పు తీరిందో అడగండి. అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఈ నెల మీటింగుకు మీరే రండి. ఇంట్లో ఉన్న ప్రతి అప్పునూ, దాని ఏడాది వడ్డీనీ కాగితం మీద రాసుకుని రండి. ఏది ముందు తీర్చాలో అక్కడే కూర్చుని తేల్చుకుందాం.