కొలత తప్పితే కాక్‌టెయిల్ కాదు

పెళ్లిరోజుకో గృహప్రవేశానికో కానుకగా వచ్చిన బార్ సెట్టు విప్పితే కళ్లు చెదురుతాయి. వెదురు స్టాండులో తళతళలాడే పది పన్నెండు స్టీలు వస్తువులు. షేకరు, రెండు మూడు రకాల జల్లెడలు, మెలితిరిగిన చెంచా, ఐసు పటకారు, సీసా మూతికి బిగించే గొట్టాలు, కార్క్‌స్క్రూ. వాటిలో సగం స్టాండు దిగకుండానే దుమ్ము పడతాయి. ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకునేవారికి నిజంగా కావలసినవి నాలుగే: కొలత పాత్ర, షేకరు, జల్లెడ, పొడవాటి చెంచా. నిమ్మకాయ పిండే పరికరం అయిదోది. అది ఎలాగూ వంటింట్లోనే ఉంటుంది.

2017లో గోవా నుంచి గ్రేటర్ దాన్ వచ్చాక దేశవాళీ జిన్‌లు ఒకదాని వెంట ఒకటి బారులు తీరాయి. 2020 లాక్‌డౌన్‌లో బార్లు మూతపడటంతో కలిపే పని ఇంటికి చేరింది. విస్కీలో సోడా పోసుకోవడానికి పరికరాలతో పనిలేదు. జిన్, నిమ్మరసం, పంచదార పాకం కలిసే చోట మాత్రం అయిదు మిల్లీలీటర్ల తేడా కూడా నాలుకకు తెలిసిపోతుంది.

అందుకే డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు షేకరు కాదు, కొలత పాత్ర. రెండు గరాటాలను నడుముల దగ్గర అతికించినట్లుండే జిగ్గర్‌కు 1893లో షికాగో వాసి కార్నీలియస్ డంగన్ పేటెంట్ పొందారు. ఆ ఆకారం నేటికీ పెద్దగా మారలేదు. మన బార్లలో వాడే 30, 60 మిల్లీలీటర్ల స్మాలూ లార్జీ విదేశీ వంటకాల్లోని ఒకటి, రెండు ఔన్సులతో దాదాపు సరిపోతాయి. చిక్కంతా నిమ్మరసం, పాకం దగ్గరే. వాటికి 15, 20 గీతలు కావాలి. కాబట్టి లోపలివైపు గీతలున్న జిగ్గర్ కొనడం మేలు. లేదంటే 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూను, దగ్గు మందుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు కూడా పనికొస్తాయి.

కొలతతో రుచి ఒక్కటే ముడిపడి లేదు. మన దేశంలో తయారయ్యే విస్కీ, రమ్ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. అతిథి మర్యాద కొద్దీ కంటికొలతతో పోసే ‘స్మాల్’ 45 మిల్లీలీటర్లయితే ఒకటి తాగాననుకున్నవాడు ఒకటిన్నర తాగినట్లే. పాకం, పళ్లరసం ఘాటును కప్పేస్తాయి గనుక కాక్‌టెయిల్‌లో ఆ తేడా నోటికి తెలియదు. మోటారు వాహనాల చట్టానికి మాత్రం తెలుస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి పట్టుబడినా ఆరు నెలల వరకు జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ. లెక్క తప్పి పోసింది ఇంటాయన, కోర్టు మెట్లెక్కేది బండి నడిపిన అతిథి.

ఇక షేకరు. అందరూ కొనేది మూడు ముక్కల కాబ్లర్. అడుగున గ్లాసు, పైన చిల్లుల మూత, దానిపై చిన్న టోపీ. చూడముచ్చటగా ఉంటుంది. కానీ చల్లబడగానే లోహం బిగుసుకుని మూత ఊడిరాదు, చిల్లులకు పుదీనా ఆకులు అడ్డం పడతాయి. బార్లలో వాడే బోస్టన్ షేకరు రెండు ముక్కలే. అందులోనూ ఒకటి గాజుది కాకుండా రెండూ స్టీలువే తీసుకుంటే చేయి జారినా గాజు పెంకులు ఏరే పని ఉండదు. పక్కన అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి విడదీయడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. సోడా, టానిక్‌లను మాత్రం లోపల పోసి ఊపకూడదు, మూత ఎగిరిపోతుంది. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన, మీగడ ఉన్నవాటిని ఊపాలి. ఉత్త మద్యాలే కలిసేవాటిని ఐసు మీద చెంచాతో తిప్పాలి.

స్టీలు కొనేటప్పుడు మనవారు జేబులోంచి అయస్కాంతం తీస్తారు. ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే 200 శ్రేణి చవక స్టీలు కూడా అంటుకోదు. పులుపును, తుప్పును 304 అంత బాగా అది తట్టుకోలేదు. వస్తువు మీద రకం ముద్ర ఉందో లేదో చూసుకోవడమే దారి.

రాగి మగ్గుల మోజు మరో కథ. మాస్కో మ్యూల్ అనే వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్ మిశ్రమాన్ని రాగి మగ్గులో ఇవ్వడం ఆనవాయితీ. మొరాదాబాద్ కార్ఖానాల నుంచి ఆ మగ్గులు దేశదేశాలకూ వెళుతున్నాయి. పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న ఆహారానికి రాగి తగలకూడదని అమెరికా ఆహార నియమావళి చెబుతోంది. దాని ఆధారంగానే 2017లో అయోవా రాష్ట్ర అధికారులు హెచ్చరిక జారీచేశారు. కళాయి లేని రాగి గిన్నెలో చింతపండు పులుసు పెట్టకూడదని మన అమ్మమ్మలకు ఏ నియమావళీ చెప్పనక్కర్లేకపోయింది. లోపల స్టీలు లేదా నికెల్ పూత ఉన్న మగ్గు అయితేనే కొనాలి.

మిగతావి వంటింట్లో దొరికేవే. పుదీనా నలపడానికి చిన్న రోకలి చాలు. అయితే దంచకూడదు, మెల్లగా అదమాలి. ఆకు చిరిగితే చేదు దిగుతుంది. నిమ్మగింజలు, ఐసు పలుకులు ఆపడానికి టీ జల్లెడ సరిపోతుంది. ఎవరూ పట్టించుకోనిది ఐసు ట్రే. ఫ్రిజ్‌తో వచ్చే ట్రేలోని చిన్న ముక్కలు మే నెల ఎండకు గ్లాసులో పడీ పడకముందే నీరవుతాయి. పెద్ద గడుల సిలికాన్ ట్రే, దానిపై మూత తప్పనిసరి. పక్కనే చేపలుంటే ఆ వాసనంతా ఐసులోకి చేరుతుంది.

ఈ సరంజామా అంతా ఎక్కడ పరుస్తారన్నదీ ముఖ్యమే. మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. బీహార్‌లో 2016 నుంచి నిషేధం అమల్లో ఉంది. గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ ఉంది. 1995-97 మధ్య సంపూర్ణ నిషేధాన్ని చవిచూసిన ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండాలి. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చన్న పరిమితి కూడా రాష్ట్రానికో తీరు.

చివరగా కార్క్‌స్క్రూ. నాసిక్ ద్రాక్ష సారాయి సీసాలకు చాలావాటికి ఇప్పుడు మరమూతలే వస్తున్నాయి. కొనేముందు అలమరాలో ఉన్న సీసా మెడ ఒకసారి చూసుకుంటే ఆ డబ్బుతో రెండో ఐసు ట్రే వస్తుంది.