టిఫిన్ల సంగతి మీరు చూసుకోండమ్మా

పోయిన ఏడాది డిసెంబరులో మా విజయవాడలో, బ్లాగుల్లోనూ సోషల్ మీడియాలోనూ తెలుగు రాసేవాళ్ళం ఒక రోజు సదస్సు పెట్టుకున్నాం. డిసెంబరు రెండో ఆదివారం తెలుగు బ్లాగుల దినోత్సవం కదా, ఆ రోజే. నేను వెళ్ళి రావడమే కాదు, ఏర్పాట్లు చేసినవాళ్ళలో ఒకదాన్ని. "ఎలా జరిగిందండీ, ఒక్క ముక్కా రాయలేదేం?" అని చాలామంది అడిగారు. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో ఇది చదివితే తెలుస్తుంది. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

బాగున్నది ముందు చెప్పేస్తాను. పొద్దున తెలుగు టైపింగు మీద జరిగిన గంట నిజంగా బాగుంది. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడడం చూసి మురిసిపోయిన కాలం నాది. కూడలిలో మన టపా పైకొచ్చిందా లేదా అని పూటకోసారి చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. డెబ్భై ఏళ్ళు దాటిన ఒక మాస్టారు అలా తన చిన్ననాటి కబుర్లు చెప్పి, అవి అక్షరాలై పడుతుంటే పిల్లాడిలా నవ్వారు. అది చూడ్డానికైనా వెళ్ళొచ్చు అనిపించింది.

ఇక అసలు సంగతి. కమిటీలో తొమ్మిది మందిమి. నలుగురం ఆడవాళ్ళం. వాట్సాప్‌లో గ్రూపులు మాత్రం రెండు. ఒకటి 'కోర్', రెండోది 'ఏర్పాట్లు'. మేం నలుగురం రెండోదాంట్లో ఉన్నాం. మొదటిది ఒకటుందని మాకు తెలిసింది సదస్సు పది రోజులుందనగా, అదీ ఒకాయన పొరపాటున అక్కడ పెట్టాల్సిన మెసేజి ఇక్కడ పెట్టడం వల్ల. "టిఫిన్ల సంగతి మీరు చూసుకోండమ్మా, ఆ పని మీకైతేనే బాగా తెలుసు" అని మొదటి రోజే పెద్దాయన ఒకరు అన్నారు. మర్యాదగానే అన్నారు. మేమూ మర్యాదగానే తలూపాం.

టిఫిన్లంటే టిఫిన్లతో ఆగుతాయా? వచ్చేవాళ్ళ లెక్క తేలితే గానీ క్యాటరింగ్ అతను ఒప్పుకోడు. లెక్క తేలాలంటే పేరిచ్చిన నూట నలభై మందికీ ఫోన్లు చెయ్యాలి. ఆ ఫోన్లు నేనూ ఇంకొకావిడా కలిసి నాలుగు సాయంత్రాలు చేశాం. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో రాత్రి పూట పచ్చడీ పెరుగన్నమే. మావారు ఏమీ అనలేదు, మా అత్తగారు మాత్రం "వాళ్ళకి వడ్డించడానికి వీళ్ళని పస్తు పెడతావా" అన్నారు. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, కానీ ఈసారి తప్పు కాదు.

తర్వాత ఖర్చుల పద్దు చూశాను. హాలుకింత, మైకుకింత, బ్యానరుకింత, శాలువాలకింత. శాలువాలు పదకొండు. ఫోన్లు చేసినవాళ్ళకి రీచార్జి డబ్బులైనా లేవు. నాకు డబ్బు కావాలని కాదు. లెక్క రాసేటప్పుడు ఆ పని ఎవరికీ గుర్తే రాలేదు చూశారూ, దాని గురించి చెబుతున్నాను. తెర మీద కృతజ్ఞతల్లో కమిటీ పెద్దల పేర్లు వరసగా వేసి, చివర 'మరియు మహిళా మిత్రుల సహకారం' అని వేశారు.

భోజనాలయ్యాక అరగంట 'మహిళలు – బ్లాగులు' అని పెట్టారు. ముఖ్య అతిథి ప్రసంగం సాగడంతో అది పన్నెండు నిమిషాలకి కుదించుకుపోయింది. పరిచయం చేసినాయన "ఇప్పుడిప్పుడే మన ఆడవాళ్ళు కూడా వంటింట్లోంచి బయటికొచ్చి రాస్తున్నారు" అన్నారు. బి.ఏ. తెలుగు చదివిన పాపానికి నాకు ఒళ్ళు మండింది. 1902లో ఏలూరు నుంచి 'హిందూసుందరి' వచ్చింది, సంపాదకులు ఆడవాళ్ళు. అదే ఏడాది భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ అందులోనే వచ్చింది. ఇప్పుడిప్పుడేట!

అయినా వంటింట్లోంచి రాస్తే తప్పేమిటి? నేను గోంగూర గురించి రాశాను, మామగారి లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర పడక బ్యాంకు చుట్టూ తిరిగిన సంగతీ రాశాను. కాపీహక్కుల మీద పొద్దున ఒక లాయరు గారు మాట్లాడారు. 1957 చట్టం ప్రకారం, వంటలో ఏమేం వేశామన్న జాబితా మీద హక్కు రాదుగానీ, దాన్ని మనం చెప్పిన తీరు మీద, తీసిన ఫోటోల మీద మనకి హక్కుంటుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు అన్నారు. మంచి విషయం. మన తెలుగులో ఎత్తుకుపోయిన ఫోటోలు ఎక్కువ ఎవరివో మీరే ఆలోచించండి. వంటల బ్లాగులు రాసేవాళ్ళు నలుగురు హాల్లోనే ఉన్నారు. వాళ్ళలో ఒకరినైనా ఆయన పక్కన కూర్చోబెట్టాలని కోర్ గ్రూపుకి తట్టలేదు. ఒకావిడ లేచి అడగబోతే "టైము లేదమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఇంతవరకూ చదివి "ఇవన్నీ చిన్న విషయాలే" అంటారేమో. నేనూ అలాగే అనుకుని ఊరుకునేదాన్ని, బ్యాడ్జీల సంగతి లేకపోతే.

పేరు నమోదు చేసుకునే ఫారంలో అసలు పేరు, ఫోను నంబరు అడిగారు. కలం పేరుకి గడి లేదు. ఫారం కోర్ గ్రూపు తయారుచేసింది, బ్యాడ్జీలు వాళ్ళే అచ్చు వేయించారు. గుమ్మం దగ్గర కూర్చుని పంచింది మాత్రం నేను. మనలో చాలామంది మారుపేరుతో రాస్తారని నాకు తెలుసు. ఎందుకు రాస్తారో కూడా తెలుసు. ఒకావిడ తన పెళ్ళి గురించి, ఇంట్లో జరిగే వాటి గురించి ఆరేళ్ళుగా మారుపేరుతో రాస్తోంది. ఆమె టపాలు చదివి ఎంతమంది మాకూ ఇంతే అని ఉత్తరాల్లాంటి కామెంట్లు పెట్టారో లెక్కలేదు. ఆవిడ బ్యాడ్జీ తీసుకుని, అచ్చైన పేరు చూసి, నా వంక చూసింది. "ఇది తప్పదాండీ?" అంది. వెనక వరస పెరిగిపోతోంది, ఇడ్లీలు చాలవని లోపల్నుంచి ఫోను. "ఫరవాలేదు పెట్టుకోండి, అందరం మనవాళ్ళమేగా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

సాయంత్రం సదస్సు పేజీలో ఫోటోలు పెట్టారు. బ్యాడ్జీలు చక్కగా కనిపిస్తున్నాయి. ఆవిడ ఫోటో కింద ఎవరో గౌరవంగానే ఆమె బ్లాగు పేరు కూడా రాశారు. అడిగితే రెండో రోజు మధ్యాహ్నానికి తీసేశారు. అప్పటికే చూడాల్సినవాళ్ళు చూశారు. వారం తిరక్కుండా ఆరేళ్ళ బ్లాగు మూతపడింది.

"ఎవరూ కావాలని చెయ్యలేదమ్మా" అన్నారు పెద్దాయన. కావాలని చేశారని నేనూ అనడం లేదు. మారుపేరు అవసరం ఎప్పుడూ పడనివాళ్ళు కూర్చుని ఫారం తయారుచేస్తే ఇలాగే ఉంటుంది. మా నలుగురిలో ఒక్కరు ఆ గదిలో ఉన్నా మొదటి నిమిషంలోనే అడిగేవాళ్ళం. ఆ సమయానికి మేం వడలు ఒకటా రెండా అని తేల్చుకుంటున్నాం. "మీరే కదా ఆ పని ఒప్పుకున్నారు" అని ఇంకొకాయన. నిజమే. మైకు పట్టుకోమంటారేమో అన్న భయంతో టిఫిన్లైతే హాయి అనుకున్న మాట నిజం. నా భయం నాది. కానీ నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయో నాకు చెప్పకుండా దాచమని నేను అడగలేదు.

ఈ ఏడాది సదస్సుకి ఫోన్ వచ్చింది, మొన్న శుక్రవారం. "పోయినసారి టిఫిన్లు అందరూ మెచ్చుకున్నారమ్మా" అని మొదలుపెట్టారు. నేను చేస్తానన్నాను. గ్రూపు ఒక్కటే ఉండాలి, ఫారం బయటికి వెళ్ళేముందు మేం చూడాలి, బ్యాడ్జీ మీద ఎవరు చెప్పిన పేరు వాళ్ళకి వెయ్యాలి, ఫోటో పెట్టేముందు అడగాలి, ఫోన్లు చేసే పనిలో మగవాళ్ళు సగం తీసుకోవాలి, మహిళల అరగంట ఎత్తేసి మమ్మల్ని మిగతా సభల్లో కూర్చోబెట్టాలి అన్నాను. నాలుగు ముక్కలు చెబుతాననుకుని ఆరు చెప్పాను. "మిగతావాళ్ళని అడిగి చెబుతా" అన్నారాయన. ఆ మిగతావాళ్ళు ఎక్కడుంటారో నాకిప్పుడు తెలుసు.

ఆవిడకి నిన్న ఫోన్ చేశాను. సదస్సు గురించి ఎత్తలేదు. బ్లాగు మళ్ళీ తెరవమనీ అడగలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర అన్న మాటకి క్షమించమని మాత్రం అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకున్నాం.