సందడి మిగిలింది, పెళ్ళి పోయింది

"పెళ్ళి సినిమా అన్న తరువాత చివరకు పెళ్ళి కాక మరేమవుతుంది మాస్టారూ? ముగింపు ముందే తెలిసిపోవడం కూడా ఒక దోషమేనా?" అని మా కొండాపూరు కుర్రవాళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. ముగింపు తెలియడం దోషం కాదు. ఆ ముగింపుకు చేరే దారి ఖాళీగా ఉండడం దోషం. నలుగురు స్నేహితులు, నాలుగు నవ్వులు, ఒక పెళ్ళిపందిరి చేర్చి కుట్టి, దానికి ప్రేమహాస్యచిత్రమని పేరు పెట్టే ఆచారం మన చిత్రసీమలో ఎంతగా పాతుకుపోయిందో తెలియడానికి 'పెళ్ళి సందడి' ఒక్కటి చాలు.

ఆ పేరుతో మనకు రెండు చిత్రాలున్నాయి. మొదటిది 1996లో కె. రాఘవేంద్రరావు గారి దర్శకత్వంలో వచ్చింది. రెండవది 2021 దసరాకు, ఆయన పర్యవేక్షణలో, గౌరి రోణంకి దర్శకత్వంలో వచ్చింది. మొదటిదానిలో నాయకుడు శ్రీకాంత్, రెండవదానిలో ఆయన కుమారుడు రోషన్. రెండింటికీ సంగీతం కీరవాణి గారిదే. పాతికేళ్ళ ఎడంలో తండ్రి స్థానంలోకి కొడుకు వచ్చాడు గాని, కథ ఎదగకపోగా కుంచించుకుపోయింది. పేరుకు కూడా అంగవైకల్యం వచ్చింది. 'సందడి'లోని చివరి అక్షరాన్ని లేవగొట్టి, ఆ పీట మీద ఆంగ్లవర్ణమాలలోని నాలుగవ అక్షరాన్ని కూర్చోబెట్టారు! దశాబ్దాల పాటు పిల్లలచేత గుణింతాలు దిద్దించిన నాబోటి వానికి అది కంట్లో నలుసు. చాదస్తమని కొట్టిపారవేయండి, బాధ లేదు. కాని ఉన్నదానిని కొత్తగా కనిపింపజేస్తే చాలు, కొత్తదానిని సృష్టించనక్కరలేదు అన్న ఆ చిత్రపు తత్త్వమంతా ఆ ఒక్క అక్షరంలోనే బయటపడింది.

ఇక ముగింపు సంగతి. మన పెళ్ళితంతులోనే కాశీయాత్ర అని ఒక చక్కని ప్రహసనం ఉన్నది. వరుడు గొడుగు పట్టుకొని, పావుకోళ్ళు తొడుక్కొని కాశీకి బయలుదేరుతాడు. అతడు పోడని పందిట్లో ప్రతివారికీ తెలుసు. బావమరిది బ్రతిమాలి వెనుకకు తెస్తాడనీ తెలుసు. అయినా నవ్వుతారు. ఎందుచేతనంటే ఆ నవ్వు వెనుక ఒక నిజమైన ప్రశ్న ఉన్నది. సంసారమా, సన్న్యాసమా? పీటల మీద కూర్చునే ముందు మనిషి ఒక్కసారి ఆగి ఆలోచించుకోవాలని మన పెద్దలు ఆ వేడుకలో దాచిపెట్టారు.

'మాయాబజార్' (1957) సంగతీ ఇంతే. శశిరేఖ అభిమన్యునిదే అవుతుందని తెలియక ఆ చిత్రానికి ఎవరూ వెళ్ళలేదు. వ్యాసభారతంలో లేకపోయినా ఆ కథ తెలుగువారికి కంఠోపాఠం. అయినా నేటికీ చూస్తున్నామంటే కారణం ఘటోత్కచుని మాయలు మాత్రమే కాదు. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతీ బలరాముల మనసు మారిపోతుంది. మేనరికం మాట వెనుకకు పోయి, కలిమి ముందుకు వస్తుంది. అటువంటి అవమానం ఎరుగని తెలుగిల్లు ఎన్ని ఉంటాయి?

ధనంజయుడు దశరూపకంలో కార్యానికి ఐదు అవస్థలు చెప్పాడు. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. వీటిలో నాటకానికి ప్రాణం మూడవది. ఉపాయం ఒకవంకా, అపాయశంక మరొకవంకా లాగుతూ ఉండగా, ఫలం దక్కునో దక్కదో అని ఆశ ఊగిసలాడే దశ అది. 2021 నాటి చిత్రంలో అన్నగారి పెళ్ళిలో కుర్రవాడు ఒక పిల్లను చూస్తాడు, వలపు పుడుతుంది, అడ్డంకి వస్తుంది, తొలగిపోతుంది. ఆరంభమున్నది, ఫలాగమమున్నది. నడుమ మూడు అవస్థల చోట పాటలున్నవి! శ్రీలీల నృత్యంలోని చురుకుదనాన్ని నేను కాదనను. కాని ఆ అమ్మాయి మనసులో ఏ క్షణాన ఏ సందేహం కలిగిందో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా? 1996 నాటి కథ కూడా గొప్పదేమీ కాదు. అయినా అందులో వలచినది ఒకరిని, సంబంధం కుదిరినది మరొకరితో. నిజం చెబితే ఒక ఆడపిల్ల మనసు విరుగుతుందన్న బరువు కొంతైనా ఉన్నది. ఇప్పుడు ఆ బరువు కూడా దించివేశారు.

స్నేహితుల పాత్రలకు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. 'మాళవికాగ్నిమిత్రం'లో గౌతముని ఉపాయాలు లేకపోతే రాజుకు మాళవిక దర్శనమే దుర్లభం. 'శాకుంతలం'లో దుర్వాసుని శాపం విన్నదీ, అది శకుంతల చెవిని పడకుండా దాచినదీ అనసూయాప్రియంవదలే. చెలిమితో వహించిన ఆ మౌనమే కథను మలుపు తిప్పింది. మన కాలంలోనే, 2000లో వచ్చిన 'నువ్వే కావాలి'లో చిన్ననాటి స్నేహితుడు తన ప్రేమను నోట చెప్పలేడు. చెబితే స్నేహమూ, రెండు కుటుంబాల చెలిమీ రెండూ పోతాయేమోనన్న భయం. అమెరికావారి 'మై బెస్ట్ ఫ్రెండ్స్ వెడ్డింగ్' (1997) ఇంకొక అడుగు వేసింది. స్నేహితుని పెళ్ళి చెడగొట్టడానికి వెళ్ళిన నాయిక, అతడు మరొక పిల్లను చేసుకోవడం చూసి, నవ్వుతూ తప్పుకుంటుంది. నేటి మన పెళ్ళి చిత్రాలలో స్నేహితుని పని ఏమిటి? నాయకుని వెనుక నిలబడి చెంపదెబ్బలు తినడం, మద్యం తాగి వాగడం. అతనికి ఇల్లు లేదు, అమ్మానాన్నలు లేరు, అభిప్రాయమూ లేదు.

కొండాపూరులో ఉంటూ ఈ అన్యాయాన్ని సహించడం నాకు మరింత కష్టం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ పల్లె నగరంలో కలిసిపోయింది. శ్రీకాకుళం, ఖమ్మం, కర్నూలు జిల్లాల పిల్లలు ఇక్కడి హాస్టళ్ళలో ఒకే గదిలో ఉంటున్నారు. జ్వరం వస్తే మాత్ర తెచ్చేదీ, ఉద్యోగం ఊడిన నెల అద్దె కట్టేదీ ఆ గది స్నేహితులే. కులం వేరై, పెద్దలు ఒప్పుకోని పెళ్ళయితే రిజిస్ట్రారు కార్యాలయానికి తోడు వచ్చేదీ వారే. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టం ప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. ఆ ముప్పై రోజులలో ఎంత నాటకం ఉన్నది! సంతకం పెట్టిన మిత్రుని ఇంటికి పిల్ల తండ్రి వచ్చి నిలదీస్తే అతడేమి చెబుతాడు? ప్రాప్త్యాశ అంటే ఇదే కదా! హాస్యానికి ఇంతకన్న మంచి ముడిసరుకు ఏది కావాలి? మన రచయితలు ఈ దారినే తిరుగుతారు, దీనిని మాత్రం చూడరు.

'ఏదో సరదాకు తీస్తారు, సమస్యలెందుకు' అని కొందరి వాదం. తెలుగులో పెళ్ళి మీద హాస్యం సమస్యతోనే పుట్టిందని వారు మరచిపోయారు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన 'కన్యాశుల్కం' పసిపిల్లలను ముసలివారికి అమ్ముకొనే దురాచారం మీద గురజాడ అప్పారావు గారు ఎత్తిన కొరడా. ఆ కొరడాదెబ్బకు జనం నవ్వారు, నేటికీ నవ్వుతున్నారు. 1952లో విజయావారు ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో తీసిన 'పెళ్ళి చేసి చూడు' వరకట్నం మీద నడిచిన హాస్యం. కట్ననిషేధచట్టం వచ్చినది 1961లో, అంటే ఆ చిత్రం వచ్చిన తొమ్మిదేళ్ళకు. చట్టం కన్న ముందు నడిచిన హాస్యం మనది! నేటి చిత్రాలలో కట్నం మాట రాదు, కులం మాట రాదు, పెళ్ళిఖర్చుకు చేసిన అప్పు మాట అసలే రాదు.

నష్టం సినిమాతో ఆగితే ఇంత ఘాటుగా వ్రాయవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు పెళ్ళిళ్ళే సినిమాను అనుకరిస్తున్నాయి. పెళ్ళికి ముందే పాటలకు తగినట్లు కెమెరా ముందు ఆడాలి, సంగీత్ అని ఒక రాత్రి, హల్దీ అని ఒక పగలు. మన నలుగుకు హల్దీ అని పేరు పెడితే గాని ముచ్చట కాదట! తలంబ్రాలు కూడా కెమెరా అబ్బాయి 'ఇంకొక్కసారి' అంటే మళ్ళీ పోయాలి. ఈ వైభవానికి పిల్ల తండ్రి భవిష్యనిధి సొమ్ము కరిగిపోతుంది. ఈడు వచ్చిన పిల్లలు పెళ్ళంటే ఇదేనని నమ్ముతున్నారు. ఎవరితో బ్రతకబోతున్నామన్న విచారణ వెనుకబడి, ఏ రంగు బట్టలన్న విచారణ ముందుకు వచ్చింది.

డబ్బు లేక మంచి కథలు తీయలేకపోతున్నామని చెప్పడానికీ వీలులేదు. తరుణ్ భాస్కర్ తీసిన 'పెళ్ళి చూపులు' (2016) చిన్న చిత్రం. పొరపాటున వేరే ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళిన కుర్రవాడు, తన కాళ్ళ మీద తాను నిలబడదలచిన పిల్ల, కొడుకు పనికిరాడని వాపోయే తండ్రి, అంతే సామగ్రి. వారిద్దరూ ఒకటవుతారని అందులోనూ మొదటే తెలుస్తుంది. అయినా వారి మాటలలో మన ఇండ్లలోని మాటలు వినబడినవి. జాతీయపురస్కారాలూ వచ్చినవి.

కనుక దర్శకులకూ రచయితలకూ నా మాట ఇది. మీ కథ చివర పెళ్ళి జరిపించండి, అక్షింతలు వేయడానికి మేము సిద్ధం. కాని ఆ పెళ్ళి ఆగిపోతే ఎవరికి ఏమి పోతుందో ముందు చెప్పండి. అది చెప్పలేనివారు పందిరి వేయకండి.