మురుగు ఆగకుండా గుర్రపుడెక్క పోదు

విజయనగరం పెద్దచెరువు పైడితల్లి అమ్మవారి విగ్రహం లభించిన చోటుగా జనం కొలుచుకునే చెరువు. సిరిమానోత్సవం తర్వాత అమ్మవారి తెప్పోత్సవం జరిగేదీ అక్కడే. ఆ చెరువునే గుర్రపుడెక్క వదల్లేదంటే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి మురుగు చేరే మామూలు చెరువుల గతి చెప్పనక్కర్లేదు. పండగ ముందు యంత్రాలు దించి తీయించడం, నెలలు తిరగకుండానే అది మళ్లీ కమ్మేయడం, మళ్లీ టెండరు పిలవడం! ఈ పద్ధతి మారాలి. మురుగు ఆపే పనితో ముడిపెట్టకుండా కేవలం తొలగింపునకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

అమెజాన్ ప్రాంతానికి చెందిన ఈ మొక్క ఊదారంగు పూల అందం చూసి తెచ్చుకున్నవారి వల్ల 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ చేరింది. ఉబ్బిన కాడలతో తేలుతూ, పక్కకు తీగ సాచి పిల్లలు పెడుతుంది. తిండి దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనాలు బురదలో పదిహేనేళ్లకు పైగా బతికే ఉంటాయి. దాని తిండి మురుగులోని నత్రజని, భాస్వరం. అలాగైతే అది నీటిని శుద్ధి చేస్తున్నట్టే కదా అనేవారున్నారు. మొక్కను బయటకు తీసినంత వరకే ఆ మాట నిజం. చెరువులోనే కుళ్లితే పీల్చిందంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది, ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. తీసింది గట్టు మీదే కుప్ప పోసినా ఫలితం లేదు, తొలి వానకే సగం తిరిగి చెరువులో పడుతుంది.

కలుపు మందు కొడితే చవకలో తేలిపోతుందన్న వాదనకూ ఇదే జవాబు: చచ్చిన మొక్క చెరువులోనే కుళ్లుతుంది. పైగా అవి పశువులు తాగే, పొలాలకు పారే నీళ్లు. నీరు ఎండని చెరువులకు మరో దారి ఉంది. గుర్రపుడెక్కనే తిని బతికే ముక్కుపురుగులను బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ 1980లలోనే రప్పించి పరీక్షించి వదిలింది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1995 నుంచి వదిలిన ఈ పురుగులే కలుపును చాలావరకు అణిచాయి. అయితే పోషకాలు చేరడం ఆగకపోవడంతో తర్వాతి ఏళ్లలో అక్కడా మళ్లీ పెరిగింది. పురుగైనా, యంత్రమైనా మురుగు ముందు నిలవలేవు.

మురుగు శుద్ధికి అంత డబ్బెక్కడిదని మున్సిపాలిటీలు అడగడం న్యాయమే. అందుకే ఆ ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. వేసవిలో నీరు తగ్గినప్పుడు, పూత రాకముందే, మత్స్యకార సంఘాలకు కూలి ఇచ్చి వేళ్లతో సహా తీయించాలి. తీసింది దూరంగా తరలించి ఎరువు చేయించాలి. పెద్దచెరువులో కలిసే మురుగు కాలువల మళ్లింపునకు వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి.