పళ్లెంలో గుడ్డు, పంజరంలో కోడి

ఇటీవల ఒక సమావేశంలో అంగన్‌వాడీ భోజనం గురించి మాట్లాడుకుంటుండగా ఒకావిడ లేచి, 'ఫారం కోళ్లను అంత హింస పెట్టి తీసిన గుడ్డు పిల్లలకు పెట్టడం న్యాయమేనా?' అని అడిగారు. వెంటనే మరొకరు, 'అది అగ్రవర్ణ శాకాహారుల ప్రశ్న, మనకెందుకు?' అన్నారు. చర్చ అక్కడితో ఆగిపోయింది. నేను మాంసం తినేదాన్నే. అయినా ఆ జవాబు నాకు మింగుడు పడలేదు.

ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. మన దేశంలో జీవకారుణ్యం పేరిట జరిగే రాజకీయం ఎక్కువగా దళితుల, ముస్లింల, ఆదివాసీల పళ్లెం మీదే దాడి చేసింది. 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను ముఖ్యమంత్రే తోసిపుచ్చారు. ఆకలితో ఉన్న పిల్లల నోటి దగ్గర కూడు లాగేసే కరుణ మనకు అక్కర్లేదు.

కాని ఒక ప్రశ్నను కొందరు దుర్వినియోగం చేసినంత మాత్రాన ఆ ప్రశ్న అబద్ధమవుతుందా? గుడ్ల ఫారాల్లో ఇనుప తీగల పంజరాల్లో కోళ్లను కుక్కుతారు. రెక్క చాపడానికి, మట్టి కెలకడానికి, గూట్లో గుడ్డు పెట్టుకోడానికి వీలుండదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ముక్కులు కత్తిరిస్తారు. గుడ్లు పెట్టవు కనుక పుంజు పిల్లల్ని హేచరీలు పుట్టిన రోజే చంపేస్తాయి. ఆడ శరీరాన్ని ఉత్పత్తి లెక్కల్లో మాత్రమే చూసే పద్ధతిని ఇన్నాళ్లుగా విమర్శిస్తున్న మనం దీన్ని చూసి ముఖం తిప్పుకోవడం ఎలా?

ఇందులో నష్టపోయింది కోడి ఒక్కటే కాదు. పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకున్న ఆడదాని చేతిలో, మొగుణ్ణి అడగక్కర్లేని నాలుగు డబ్బులుండేవి. బ్రాయిలర్ కాంట్రాక్టు పెంపకంలో పిల్లలు, దాణా, మందులు అన్నీ కంపెనీవే. షెడ్డులో చాకిరీ మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఒప్పందం మీద సంతకం ఎక్కువగా మగవాడిది.

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్, కదలడానికి తగినంత చోటులేని బోనులో జంతువును ఉంచడం నేరమంటుంది. 2017లో లా కమిషన్ 269వ నివేదికలో కోళ్ల పెంపకానికి నిబంధనల ముసాయిదా ఇచ్చింది. తీరా 2023లో కేంద్రం చేసిన నిబంధనల్లో గుడ్లు పెట్టే కోడికి దక్కిన కనీస చోటు 550 చదరపు సెంటీమీటర్లు. మనం టైపు కొట్టే ఎ4 కాగితం కూడా అంతకంటే పెద్దదే! అలాంటి ఒట్టి పంజరాలను యూరోపియన్ యూనియన్ 2012 నుంచే నిషేధించింది.

కనుక మన డిమాండు రెండు వైపులా ఉండాలి. పిల్లల, గర్భిణుల గుడ్లలో ఒక్కటీ తగ్గకూడదు. బడులకు, అంగన్‌వాడీలకు లక్షల గుడ్లు కొనే ప్రభుత్వం పంజరాల్లేని ఫారాల నుంచీ, పెరటి కోళ్లు పెంచే మహిళా సంఘాల నుంచీ కొనడం మొదలుపెట్టి, ఏటేటా ఆ వాటా పెంచాలి. ఆ గుడ్డుకు అయ్యే అదనపు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. తినే పేదల మీదో, పెంచే స్త్రీల మీదో రుద్దకూడదు.

వచ్చే సమావేశంలో ఆ మొదటి ఆవిడ ప్రశ్న నుంచే చర్చ మొదలుపెడదాం.