బొమ్మ జుట్టుకు ఏది మేలు?

యాచారం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందుంది. జిద్దాలో పనిచేస్తున్న ఆమె తమ్ముడు సెలవుపై వచ్చినప్పుడు ఎనిమిదేళ్ల మేనకోడలికి ఒక బొమ్మ తెచ్చాడట. దాని జుట్టు విడిగా తీసి పెట్టుకునే విగ్గు. అమ్మాయి దానికి మొదట కొబ్బరినూనె రాసింది, తరువాత తండ్రి వాడే జెల్ పూసింది. ఇప్పుడు ఆ జుట్టు జిగటగా ముద్ద కట్టింది. హెయిర్ స్ప్రే కొడితే నిలుస్తుందా, సీరం రాయాలా, పిల్లలకు హాని చేయనిది ఏది అని ఆమె అడిగారు. ఉత్తరం చివర మరొక మాట చేర్చారు: ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు, అక్క బొమ్మ కనబడితే చాలు దాని జుట్టు నోట్లో పెట్టుకుంటాడు.

అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉన్నదని మా అభిప్రాయం. బొమ్మ జుట్టుకు ఏది పూసినా అది చేరేది ఆ పసివాని నోటికే. జుట్టు ఎంత మెరుస్తుందన్నది తరువాతి సంగతి. పిల్లవాడు నాకితే ఏమవుతుందన్నది ముందు చూడాలి.

బొమ్మల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాటితో ఆడుకోవచ్చా అన్న సందేహమూ వస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారని, దైవప్రవక్త (స) ఇంటికి రాగానే ఆమె స్నేహితురాళ్లు చాటుకు తప్పుకుంటే ఆయనే వారిని తిరిగి ఆటకు పంపేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. గుడ్డపీలికల రెక్కలున్న గుర్రపు బొమ్మ ప్రస్తావన అబూదావూద్ సంకలనంలో ఉంది. నేటి అచ్చుపోసిన బొమ్మల విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఈ శీర్షిక పరిధిలోనిది కాదు.

మన వెంట్రుకకు మాడులో ఊరే జిడ్డు అందుతుంది. బొమ్మ జుట్టుకు మాడే లేదు. అందులో అధికభాగం నైలాన్, పాలీప్రొపిలీన్, సరాన్, మోడాక్రిలిక్ వంటి ప్లాస్టిక్ దారాలే. వాటికి పోషణ అక్కరలేదు. నూనె లోపలికి ఇంకక పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకడుతుందని చలికాలపు ఉదయాన సీసా చూసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. బొమ్మ తలపైనా జరిగేది అదే. ఖరీదైన బొమ్మలకు అంగోరా మేక బొచ్చుతో చేసిన మోహేర్ విగ్గులు, మనిషి వెంట్రుకల విగ్గులు కూడా ఉంటాయి. మనిషి వెంట్రుకల క్రయవిక్రయాలను చాలామంది ధర్మవేత్తలు సమ్మతించరు గనుక మన ఇళ్లలో ఆ రెండో రకం అరుదు.

ఇక స్ప్రే సంగతి. డబ్బాలోని ద్రవాన్ని బయటకు నెట్టేది సాధారణంగా బ్యూటేన్, ప్రొపేన్ వాయువులు, అంటే మన వంటగ్యాసులో ఉండేవే. దానికి ఆల్కహాల్ తోడవుతుంది. వెలిగిన పొయ్యికి దగ్గరలో ఒక చిన్నపిల్ల ఆ డబ్బా నొక్కడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా ఆల్కహాల్ బొమ్మ ముఖాన వేసిన కళ్లను, పెదవులను చెరిపివేయగలదు. జుట్టును సాపు చేసే విద్యుత్ పట్టకారు కూడా పనికిరాదు. దాని పలకలు 180 నుంచి 230 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీలకే కరిగిపోతుంది. సీరం, పలుచని హెయిర్ ఆయిల్ హానిలేనివిగా కనిపిస్తాయి. కాని వాటిలో చాలావాటికి ఆధారం లిక్విడ్ పారఫిన్ వంటి ఖనిజ నూనె. పసివాడు సీసా ఎత్తి మింగి పొలమారితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. బట్టలు మెత్తబరిచే ద్రవంలో బొమ్మ జుట్టు నానబెట్టమని కొందరు సలహా ఇస్తారు. నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట ఆ సలహాను మేము అంగీకరించము.

వీటన్నిటికన్నా మేము భయపడేది నల్లరంగుకు. బొమ్మకు బంగారు రంగు జుట్టుంటే దాన్ని నల్లగా మార్చాలని అమ్మాయిలకు అనిపించడం సహజం. ఇంట్లో తాతగారికో తండ్రికో తెచ్చిన హెయిర్ డై పొట్లం అలమరలో ఉంటుంది. వీటిలో చాలావాటిలో ఉండే పారాఫినిలీన్ డయామిన్ అనే రసాయనం కడుపులోకి పోతే కొద్ది గంటల్లోనే ముఖం, మెడ, నాలుక వాచి శ్వాస ఆడదు. తరువాత కండరాలు దెబ్బతిని మూత్రం ముదురు గోధుమరంగుకు మారుతుంది, మూత్రపిండాలు పనిచేయడం మానుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రుల వైద్యులకు ఈ విషప్రయోగం కొత్త కాదు. వారి వైద్య పత్రాలలో ఎన్నో ఏళ్లుగా దీని వివరాలు వస్తున్నాయి. ఎక్కువగా ఆత్మహత్యాయత్నాలే అయినా, పొరపాటున తాగిన పిల్లలూ వాటిలో ఉన్నారు.

ఈద్ ముందు తెచ్చే ‘నల్ల మెహందీ’ కోన్‌లలోనూ ఇదే రసాయనం కలుపుతారు. అసలైన గోరింటాకు ప్లాస్టిక్ జుట్టుకు ఎలాగూ పట్టదు, మరకే మిగులుతుంది. సుర్మాతో బొమ్మ కనుబొమలు దిద్దడం కూడా వద్దు. బజారులో దొరికే సుర్మాలలో కొన్ని సీసపు ఖనిజపు పొడే.

ఒకవేళ పిల్లవాడు వీటిలో దేన్నైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. నోరు తుడిచి, ఆ పొట్లమో సీసానో చేతబట్టుకొని వెంటనే బయలుదేరాలి. యాచారం నుంచి హైదరాబాదులోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి గంటకు పైగా ప్రయాణం. అందువల్ల 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి ముందు చేర్చడం మేలు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది.

మరి ఏది వాడాలి? నిజానికి చాలా తక్కువ. విగ్గును తల నుంచి తీసి, మగ్గు గోరువెచ్చని నీటిలో పసిపిల్లల షాంపూ ఒకటి రెండు చుక్కలు కలిపి ముంచి, వ్రేళ్లతో మెల్లగా అదమాలి. యాచారం సోదరి విగ్గుకు నూనె, జెల్ రెండూ పట్టాయి గనుక మూడు నాలుగుసార్లు నీరు మార్చి ఇలాగే చేయవలసి ఉంటుంది. మోహేర్ అయితే వేడినీరు, రుద్దడం రెండూ కూడవు, బొచ్చు ఉండకట్టి ఇక విడదు. తువాలుతో అద్ది, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వాలి. పైనుంచి దువ్వితే చిక్కు బిగిసి కుట్లు ఊడతాయి. వంకీలు కావాలంటే తడిజుట్టును కూల్‌డ్రింక్ స్ట్రాలకు చుట్టి నూలుదారంతో కట్టి రాత్రంతా వదిలివేయాలి.

జెల్ లేనిదే తృప్తి కలగని అమ్మాయిలకు అవిసెగింజలున్నాయి. రెండు చెంచాల గింజలు కప్పు నీటిలో మరిగించి, జిగురు రాగానే వేడిమీదే పలుచని గుడ్డలో తల్లి వడకట్టాలి. తమ్ముడు నాకినా అది తినే గింజల జిగురే. స్ప్రే అంత బిగువు దానికి ఉండదన్నది నిజం. నిలవ ఉంటే బూజు పడుతుంది గనుక ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయాలి, ఆట ముగిశాక విగ్గును కడగాలి.

కొత్త బొమ్మ కొనేటప్పుడు, అది బేగంబజారులోనైనా ఈద్ అంగళ్లలోనైనా, ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి. ఐఎస్ 9873 ప్రమాణంలో ఒక భాగం మంటకు సంబంధించినది. బొమ్మ జుట్టు, విగ్గు, గడ్డం వంటివి నిప్పు తగిలితే ఎలా కాలుతాయో దాని ప్రకారం పరీక్షిస్తారు. గుర్తుతో పాటు ఉండే లైసెన్సు నంబరును ‘బిఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చిన బొమ్మపై అక్కడి ‘జి’ గుర్తు ఉందేమో చూడాలి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు జుట్టు కూడా రంగుతోనే దిద్దుతారు గనుక అవి కొన్నవారికి ఈ విగ్గుల బాధే లేదు!

విగ్గును దాచేటప్పుడు కలరా ఉండలు వేయకండి. పిప్పరమెంటు బిళ్లలని పిల్లలు నోట్లో వేసుకుంటారు, జి6పిడి లోపం ఉన్న బిడ్డకు వాటివల్ల ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి. ప్లాస్టిక్ జుట్టుకు పురుగు పట్టదు. మోహేర్ విగ్గునైతే బాగా ఆరాక నూలుగుడ్డలో చుట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, నెలకొకసారి తీసి దులిపితే సరిపోతుంది.